మిలిటరీ ఆసుపత్రుల పెద్దలకి ఒక హవల్దార్ భార్య రాస్తున్న బహిరంగ లేఖ: కడుపుతో ఉన్నోళ్ళని కాసేపు కలిపి కూర్చోబెట్టండి

సాయుధ దళాల వైద్య సేవలు చూసే పెద్దలకీ, మిలిటరీ ఆసుపత్రుల కమాండెంట్లకీ, గైనిక్ ఓపీడీలో కూర్చునే డాక్టర్లకీ, ఆర్మీ కుటుంబాల సంక్షేమం చూసే మా ఆవా మేడమ్‌లకీ నమస్కారం అండి.

నేను గుంటూరు ఆడపిల్లని, బెజవాడ కోడల్ని. పుట్టిల్లు కొత్తపేట, అత్తగారిల్లు సత్యనారాయణపురం. మా ఆయన ఆర్మీలో హవల్దార్. ఇద్దరు పిల్లలు, పెద్దోడు 2015, చిన్నది 2019. ఇద్దరు కడుపులో ఉన్నప్పుడూ, చిన్నదప్పుడు చివర్లో తప్ప, మీ ఆసుపత్రుల్లోనే చూపించుకున్నా, కాకపోతే రెండు వేరే వేరే ఊళ్ళు, రెండు వేరే వేరే పద్ధతులు. ఒకచోట ఒక్కొక్కళ్ళనీ పిలిచి చూసి పంపేవాళ్ళు, ఇంకోచోట ఒక నర్సు మేడమ్ పుణ్యమా అని తొమ్మిది మందిమి ఒకే గదిలో కూర్చుని చూపించుకున్నాం. ఈ రెండిటికీ తేడా ఏంటో చెప్దామని ఎన్నేళ్ళ నుంచో అనుకుంటున్నా, ఇప్పుడెందుకు రాస్తున్నానంటే మా తోడికోడలికి నాలుగో నెల, వాళ్ళాయన కూడా ఆర్మీనే, మొన్న ఫోన్‌లో ఆ పిల్ల ఏడుస్తుంటే నా పాత కథ నాకే మళ్ళీ వినిపించినట్టయింది.

ముందు ఒక మాట చెప్పాలి, మీ డాక్టర్లు మంచోళ్ళు కాదని నేను అనట్లేదు. రూపాయి తీసుకోరు, అనవసరంగా కోతలు పెట్టరు, మందులు అక్కడే ఇస్తారు. బయట ప్రైవేట్‌లో ఏం జరుగుతుందో బెజవాడ వాళ్ళకి నేను చెప్పక్కర్లా. అందుకే ఇది పోట్లాట కాదు అండి, మా వదినతో చెప్పుకున్నట్టు చెప్తున్నా అనుకోండి.

పెద్దోడప్పుడు మేం ఉత్తరాదిన ఒక కంటోన్మెంట్‌లో ఉన్నాం. ఊరి పేరు ఎందుకులే. నాకు ఇరవై ఒకటి, హిందీ అంటే స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్ పాస్ మార్కులు, అంతే. పొద్దున్నే లేచి, డిపెండెంట్ కార్డు, బుక్కు, యూరిన్ సీసా కవర్లో పెట్టుకుని, మా ఆయన పీటీకి పోతే నేను ఆటోలో పోయి లైన్లో నిలబడేదాన్ని. లైన్లో ముందు బరువు చూస్తారు, తర్వాత బీపీ, తర్వాత బెంచీ మీద రెండు గంటలు, ఆ తర్వాత పేరు పిలుస్తారు. నా ఇంటిపేరు వాళ్ళకి నోరు తిరగదు, ఏదో ఒకటి పిలుస్తారు, అది నాదో కాదో తెలియక లేచి నిలబడితే వేరే ఆవిడ కూడా లేచేది. లోపల మూడు నిమిషాలు. చెయ్యేసి పొట్ట చూసి, పుస్తకంలో రాసి, టాబ్లెట్లు రాసి, నెక్స్ట్.

మూడు నిమిషాలు తక్కువని కూడా అనను, వెనకాల అరవై మంది ఉంటే ఆ మేడమ్ మాత్రం ఏం చేస్తుంది. నా బాధ ఏంటంటే ఆ మూడు నిమిషాల మనిషి ప్రతిసారీ మారిపోయేది. పదకొండు సార్లు పోతే ఏడుగురు డాక్టర్లు. ఒకాయన కోర్సుకి పోయాడు, ఒకావిడకి పోస్టింగ్, ఒకరు లీవు. ప్రతివాళ్ళూ "పెహ్లా బచ్చా?" దగ్గర్నుంచే మొదలు. ఆరో నెలలో ఒకాయన నన్ను "చక్కర్ ఆతా హై క్యా?" అని అడిగాడు. నాకేమో చక్కెర అనిపించింది. మా మేనమామకి షుగర్ ఉంది కదా, అది అడుగుతున్నారేమో అనుకుని "నహీ సర్, షుగర్ నహీ హై" అన్నా. ఆయన తల ఊపి లేదని రాసుకున్నాడు. చక్కర్ అంటే కళ్ళు తిరగడం అని నాకు ఆ తర్వాత నెలకి తెలిసింది, ఎట్టా తెలిసిందంటే క్వార్టర్‌లో బట్టలు ఆరేస్తా ఆరేస్తా కళ్ళు తిరిగి పడిపోయా. పక్కింటి పంజాబీ ఆంటీ నన్ను లేపి కూర్చోబెట్టి "చక్కర్ ఆ గయా బేచారీ కో" అంటుంటే అప్పుడు వెలిగింది నాకు బుర్ర. అప్పుడు రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 8.1. సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. రోజూ కళ్ళు తిరుగుతున్నాయి అండి నాకు, రెండు నెలలుగా, కానీ అది చెప్పే జాగా ఆ మూడు నిమిషాల్లో లేదు, చెప్పే భాషా నా దగ్గర లేదు.

అప్పుడు ఆ బెంచీ మీద నా పక్కన ఇద్దరో ముగ్గురో మన తెలుగువాళ్ళు కూడా కూర్చునే ఉంటారు, అది తల్చుకుంటేనే నాకు ఒళ్ళు మండుద్ది. పక్కపక్కనే కూర్చుని, కవర్లు ఒళ్ళో పెట్టుకుని, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకుండా తలుపు వంక చూస్తా కూర్చున్నాం. మాట్లాడుకుంటే మా పేరు పిలిచింది వినపడదేమో అని భయం.

ఇంక చిన్నదప్పుడు సంగతి. మా ఆయనకి ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది, నేను పెద్దోడిని స్కూల్ మాన్పించలేక ఎస్‌ఎఫ్ క్వార్టర్స్‌లో ఉండిపోయా. తెలియనోళ్ళ కోసం చెప్తున్నా, భర్తలు బోర్డర్లో ఉంటే కుటుంబాలు ఉండటానికి ఇచ్చే క్వార్టర్స్ అవి, బ్లాకు మొత్తం ఆడవాళ్ళూ పిల్లలే. ఆ స్టేషన్ ఆసుపత్రిలో ఒక మలయాళీ నర్సింగ్ ఆఫీసర్ ఉండేది. మేం సిస్టర్ అనేవాళ్ళం గానీ భుజం మీద మూడు నక్షత్రాలు, కెప్టెన్. ఆవిడకి ఏమనిపించిందో ఏమో, ఓపీడీలో రద్దీ చూసి విసుగొచ్చిందో, ఒకే నెలలో డెలివరీ ఉన్నవాళ్ళ పేర్లు రిజిస్టర్లో ఏరి, గురువారం మధ్యాహ్నం మూడింటికి అందరూ కలిసి రండి అంది. ఫిజియోథెరపీ గది పక్కన ఖాళీ గది ఒకటి ఉంది. కుర్చీలు నాలుగే ఉన్నాయి, మేం తొమ్మిది మందిమి.

మొదటి రోజు ఆవిడ చేసిన పని చెప్తా. బీపీ మిషన్ మా చేతికి ఇచ్చేసింది. బ్యాటరీల మీద నడిచేది, గుడ్డపట్టీ చుట్టుకుని బటన్ నొక్కితే అంకెలు వచ్చేది. ఒకళ్ళకొకళ్ళు చుట్టండి, బటన్ నొక్కండి, వచ్చిన అంకె మీ బుక్కులో మీరే రాసుకోండి అంది. బరువు కూడా మేమే చూసుకోవాలి. మాలో ఒక మణిపూర్ అమ్మాయి, ఇద్దరు హర్యానా వాళ్ళు, ఒక తమిళావిడ, ఒక మరాఠీ అమ్మాయి, మిగతా బీహార్, యూపీ, నేను. ఆ పట్టీ చర్రుమని ఊడదీసినప్పుడల్లా అందరం ఉలిక్కిపడి నవ్వేవాళ్ళం. నాకు అప్పటిదాకా బీపీ అంటే డాక్టర్ చూసి పక్కన పెట్టే వస్తువు, 120 కింద 80 అంటే ఏంటో ఆ రోజు తెలిసింది. పైది ఎంత దాటకూడదు, కిందది ఎంత దాటకూడదు అని ఆవిడ బోర్డు మీద రాసి పెట్టింది, 140 కింద 90. మా పెద్దోడికి ఎక్కాలు వచ్చినట్టు మాకు ఆ రెండు అంకెలు కంఠతా.

పొట్ట చూడటం మాత్రం అందరి ముందూ కాదు. మూలన ఒక మంచం, దానికి పచ్చ కర్టెన్. ఒక్కొక్కళ్ళం లోపలికి పోతాం, గైనిక్ మేడమ్ గంట సేపు వచ్చి ఆ కర్టెన్ వెనక కూర్చునేది, బిడ్డ గుండె చప్పుడు వినడం, కొలత చూడటం, ఏదైనా సొంతగా అడగాలంటే అక్కడే. మిగతావాళ్ళం ఈలోపు బయట కబుర్లు. ఈ కర్టెన్ సంగతికి మళ్ళీ వస్తా, అది చిన్న విషయం కాదు.

ఒక గురువారం మరాఠీ అమ్మాయి వచ్చి కూర్చుని, కాలి మెట్టెలు బిగుతయ్యాయి, సబ్బు పెట్టి లాగినా రావట్లేదు, కొత్తవి కొనుక్కోవాలి అంటోంది. ఏదో మామూలుగా అంది. తమిళావిడ అవునవును నావి కూడా తీసేశా అంది. నర్సు మేడమ్ ఏమీ అనకుండా కిందకి వంగి ఆ పిల్ల చీలమండ మీద బొటనవేలు పెట్టి నొక్కి తీసింది. గుంట పడింది, పడి అట్టాగే ఉండిపోయింది, నెమ్మదిగా నిండుతోంది. పిండి ముద్దలో వేలు పెడితే పడ్డట్టు. మేమంతా ఎవరి కాళ్ళు వాళ్ళం నొక్కుకోవడం మొదలుపెట్టాం. నా కాలికీ పడింది గానీ వెంటనే పోయింది. అప్పుడు ఆ పిల్ల బీపీ మళ్ళీ చూస్తే 150 కింద 100. తలనొప్పి ఉందా అంటే రెండు రోజుల నుంచి ఉంది, పిల్లాడి అల్లరికి అనుకున్నా అంది. ఆ సాయంత్రమే వార్డులో చేర్చుకున్నారు. తల్లీ బిడ్డా బాగున్నారు, ఆ బిడ్డ ఇప్పుడు నాసిక్‌లో స్కూలుకి పోతున్నాడు.

ఆలోచించండి, మెట్టెలు బిగుతయ్యాయని ఆ పిల్ల డాక్టర్‌తో చెప్పేదా? చచ్చినా చెప్పేది కాదు. అది జబ్బు కాదు కదా ఆ పిల్ల లెక్కలో, ఆడవాళ్ళతో చెప్పుకునే కబురు. మా కబుర్లలోనే మీకు కావలసిన లక్షణాలు ఉంటాయి సార్, మేం వాటిని లక్షణాలు అనుకోం, అంతే.

ఇంక తిండి సంగతి వస్తే ఆ గది సంతే. హర్యానా వాళ్ళు తొమ్మిదో నెలలో పాలల్లో నెయ్యి వేసుకుని తాగితే కాన్పు తేలిక అంటారు, నేనేమో మా అమ్మ పంపిన చలిమిడి పట్టుకుపోయా, మణిపూర్ అమ్మాయి ఎండుచేప లేకపోతే అన్నం దిగట్లేదని ఏడుపు. బొప్పాయి తినకూడదన్నది మాత్రం అందరూ ఒకే మాట, దేశం మొత్తం దీని మీద ఒక్కటయ్యాం. గోంగూర తినొచ్చా అని నేను అడిగితే మేడమ్‌కి గోంగూర అంటే ఏంటో తెలీదు, ఆకు బొమ్మ ఫోన్‌లో చూపిస్తే, తిను, ఐరన్ టాబ్లెట్ మాత్రం టీతో వేసుకోకు అంది. పెద్దోడప్పుడు తొమ్మిది నెలలూ నేను ఆ టాబ్లెట్ పొద్దున్నే టీతోనే మింగా! టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదని ఏడుగురు డాక్టర్లలో ఎవరూ చెప్పలా, నేనూ అడగలా.

ఇంకోటి ఉంది, అది చెప్పడం కొంచెం కష్టం. ఆ గదిలో తొమ్మిది మందికీ ఆయనలు దూరంగానే ఉన్నారు. బయట ఎక్కడికి పోయినా "మీ ఆయన రాలేదా" అనే ప్రశ్న. గుంటూరొస్తే మా చుట్టాలదీ అదే ప్రశ్న, సీమంతానికి కూడా రాలేదా అని. ఆ గదిలో ఆ ప్రశ్న లేదు. టవర్ దొరకదు, నాలుగు రోజులు ఫోన్ రాదు, టీవీలో వార్త ఏదన్నా వస్తే కడుపులో బిడ్డ కూడా కదలడం ఆపేసినట్టు ఉంటుంది. ఒకసారి హర్యానా అమ్మాయికి ఆరు రోజులు ఫోన్ రాలా. ఆ గురువారం మేడమ్ ఏ పాఠమూ చెప్పలా, మేం కూర్చున్నాం అంతే. ఆ పిల్ల బీపీ పట్టీ నేనే చుట్టా, 138 వచ్చింది, కాసేపాగి మళ్ళీ చూస్తే 122.

ఇప్పుడు ఇంకో వైపు కూడా చెప్పకపోతే నేను అబద్ధం ఆడినట్టే. మంది మధ్యలో అన్నీ చెప్పలేం అండి. నాకు ఇద్దరు పిల్లల మధ్యలో ఒకటి మూడో నెలలో పోయింది. ఆ తొమ్మిది మందిలో ఎవరికీ నేను చెప్పలా. అందరూ కడుపుతో ఉన్నారు, వాళ్ళ మధ్య పోయినదాని మాట ఎట్టా ఎత్తుతాం, దిష్టి కొట్టినట్టు ఉండదూ. అది కర్టెన్ వెనకాలే చెప్పా. బీహార్ అమ్మాయి ఒకతి ఎప్పుడూ ఫుల్ చేతుల జాకెట్టే వేసేది, ఎండాకాలంలో కూడా. బీపీ పట్టీ కట్టడానికి చెయ్యి పైకి మడవమంటే మడిచేది కాదు. అందరం సిగ్గనుకున్నాం. మేడమ్ ఏం అనుకుందో గానీ ఆ పిల్లకి మాత్రం బీపీ ఎప్పుడూ లోపలే చూసేది. నేను ఇంతకంటే రాయను.

ఒక నెల ఒక సుబేదార్ సాబ్ గారి భార్య కూడా మా గుంపులోకి వచ్చింది. మనిషి మంచిదే, కానీ ఆవిడ కూర్చోగానే మేం అందరం కుర్చీల్లో సర్దుకున్నాం, నోళ్ళు మూతపడ్డాయి. ఆమె వాళ్ళాయన మా ఆయన మీద పైన ఉంటాడు, రేపు లీవు సంతకం పెట్టే చెయ్యి. ఆమె ముందు క్వార్టర్‌లో నీళ్ళు రావట్లేదనో, ఆయన తాగుతాడనో ఎవరు చెప్తారు? మిలిటరీలో ర్యాంకు మగవాళ్ళ భుజం మీద ఉంటుంది గానీ బరువు ఆడవాళ్ళం కూడా మోస్తాం. మూడో వారానికి ఆవిడే "మేరే పైర్ భీ సూజే హై, దేఖో" అని చెప్పులు విప్పి కాలు చూపించాక గానీ మళ్ళీ గదిలో గోల మొదలవలా.

నా చెల్లెలు బెజవాడలో నర్సింగ్ చదివింది, ఎమ్మెస్సీ దాకా. దీని గురించి దానికి చెప్తే అది నవ్వి, అక్కా మీ మేడమ్ కొత్తగా ఏమీ కనిపెట్టలేదు, దీన్ని గ్రూప్ ప్రినేటల్ కేర్ అంటారు, అమెరికాలో షారన్ షిండ్లర్ రైజింగ్ అనే మిడ్‌వైఫ్ 1990ల్లోనే మొదలుపెట్టింది అంది. 8 నుంచి 12 మంది, ఒకే టైముకి కాన్పు ఉన్నవాళ్ళు, మొత్తం 10 సార్లు కూర్చోవడం, ఒక్కోసారి గంటన్నర నుంచి రెండు గంటలు, ఎవరి బీపీ వాళ్ళు ఎవరి బరువు వాళ్ళు చూసుకోవడం, పొట్ట మాత్రం మూలన చాప మీద విడిగా చూడటం. అచ్చం మా గది! మా మేడమ్‌కి అది తెలిసి చేసిందో తెలియక చేసిందో ఇప్పటికీ తెలీదు.

అక్కడ మిలిటరీ ఆసుపత్రుల్లో కూడా దీని మీద పరీక్ష పెట్టి చూశారంట. రెండు మిలిటరీ సెంటర్లలో 322 మంది ఆడవాళ్ళని చీటీ వేసినట్టు రెండు భాగాలు చేసి, కొందరికి గ్రూపు, కొందరికి మామూలు పద్ధతి. 2011లో అచ్చయింది. గ్రూపులో ఉన్నవాళ్ళకి కావలసినన్ని సార్లు సరైన చూపింపు దొరకడం దాదాపు 6 రెట్లు ఎక్కువ, తృప్తి కూడా ఎక్కువ. ఒళ్ళు నొచ్చే నిజం కూడా చెప్పింది మా చెల్లి: టెన్షన్‌లో, డిప్రెషన్ లక్షణాల్లో రెండు గుంపులకీ తేడా రాలేదంట. కానీ తప్పు చేశానేమో, సిగ్గుగా ఉంది అన్న ఫీలింగ్ గ్రూపు వాళ్ళలో తక్కువంట. ఈ మాట దగ్గర నేను ఆగిపోయా. టీతో ఐరన్ మింగినందుకు, చక్కర్‌ని చక్కెర అనుకున్నందుకు, పెద్దోడు బరువు తక్కువ పుట్టినందుకు నేను ఎన్ని రాత్రులు నన్ను నేను తిట్టుకున్నానో మా ఆయనకి కూడా తెలీదు.

నెల తక్కువ కాన్పుల సంగతి కూడా అడిగా. 2007లో అమెరికాలోనే 1,047 మంది మీద చేసిన దాంట్లో మామూలు పద్ధతిలో 13.8 శాతం ఉంటే గ్రూపులో 9.8 శాతం వచ్చిందంట. తర్వాత వేరే వేరేవి అన్నీ కలిపి చూస్తే తేడా అంత గట్టిగా నిలబడలేదంట. అంటే గ్రూపు పెడితే చాలు అన్నీ అయిపోతాయని నేను అనట్లేదు, మందు కాదు అది. డబ్ల్యూహెచ్‌వో వాళ్ళు కూడా 2016లో కాన్పు లోపు 8 సార్లు చూపించుకోవాలని చెప్తా, గ్రూపు పద్ధతి ఆడవాళ్ళకి ఇష్టమైతే, పరిశోధనలో భాగంగా ఇవ్వొచ్చు అన్నారంట. ఇష్టమైతే అన్న మాట బాగుంది. పోనీ అమెరికా మనకెందుకంటారా, మన జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ఏక్‌జుట్ అనే సంస్థ వాళ్ళు ఆడవాళ్ళని నెలనెలా గుంపుగా కూర్చోబెట్టి కాన్పుల గురించి మాట్లాడించారు, అది ఆసుపత్రి చెకప్ కాదు, ఊళ్ళో మీటింగే, అయినా మూడేళ్ళలో పురిటిబిడ్డల చావులు 32 శాతం తగ్గాయి. 2010లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో వచ్చింది. ఆ ఆదివాసీ అక్కలు చేసింది మా ఎస్‌ఎఫ్ క్వార్టర్స్ వాళ్ళం చెయ్యలేమా?

ఇంక మా గుంటూరు, బెజవాడ సంగతి. ఏడో నెల వచ్చాక పుట్టింటికి రావడం మా ఆచారం, మీ పోస్టింగులు మా ఆచారాన్ని మార్చలేవు కదా. చిన్నది కడుపులో ఉన్నప్పుడు నేనూ వచ్చేశా. ఇక్కడికి దగ్గర్లో మిలిటరీ ఆసుపత్రి అంటే ఇటు సికింద్రాబాద్ తిరుమలగిరి, అటు విశాఖలో నేవీ వాళ్ళ ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణి. రైల్లో అయితే రెండూ బెజవాడకి అటూ ఇటూగా 350 కిలోమీటర్లు, కావాలని టేపు పెట్టి మమ్మల్ని మధ్యలో పెట్టినట్టు. నిండు నెలలతో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దస్తమానం కూర్చుని పోతామా? అందుకే అందరం చేసేదే నేనూ చేశా, ఒక ప్రైవేట్ నర్సింగ్ హోమ్. పేరు వద్దు. టోకెన్ 47, టీవీలో సీరియల్, లోపల రెండు నిమిషాలు, అక్కడ నా బీపీ ఎంత అని అడిగితే నర్సు "నీకెందుకమ్మా, నార్మలే" అంది. అంకె చెప్పండి అంటే వింతగా చూసింది. ఆ రోజు ఇంటికొచ్చి బ్రాడీపేటలో మెడికల్ షాపులో బీపీ మిషన్ కొనుక్కున్నా. మా అమ్మకి, మా పిన్నికి, పక్కింటావిడకి అందరికీ చూశా, రోజూ గురువారమే నాకు. అసలు గురువారాలు పోగొట్టుకోకుండా కాపాడింది మా తొమ్మిది మంది వాట్సాప్ గ్రూపు. కాన్పు రోజు రాత్రి రెండింటికి నొప్పులు మొదలైతే మొదట మెసేజ్ పెట్టింది మా ఆయనకి కాదు, ఆయనకి టవర్ లేదు, ఆ గ్రూపులో పెట్టా. మణిపూర్ నుంచి, రోహ్‌తక్ నుంచి రిప్లైలు. ఎన్ని నిమిషాలకి ఒకటి వస్తోంది, టైము రాసుకో అని తమిళావిడ.

నేను అడిగేది చాలా చిన్నది అండి. మూడు నిమిషాల చెకప్ తీసెయ్యమని అడగట్లేదు, కర్టెన్ తీసేస్తే నేనే మొదట ఒప్పుకోను. ఒకే నెల కాన్పులున్నవాళ్ళని ఒకే పూట పిలిచి, ఆ కర్టెన్ బయట గంటన్నర కూర్చోనివ్వండి. ఇష్టం లేనివాళ్ళకి పాత లైను ఉండనే ఉంది. డాక్టర్లు మారతారు, పోస్టింగులు మీ చేతిలో కూడా లేవని నాకు తెలుసు, కనీసం ఒక నర్సింగ్ ఆఫీసర్ మొదటి నెల నుంచి చివరి నెల దాకా అదే గుంపుతో ఉండేట్టు చూడండి, ఆ మొహం ఒక్కటి మారకపోతే చాలు. ఆఫీసర్, జేసీవో (అంటే సుబేదార్ లాంటోళ్ళు), జవాన్ ఫ్యామిలీల్ని కలపాలా విడదీయాలా అన్నది నాకు తేల్చుకోవడం రాలేదు, కలిపితే మొదట్లో నోళ్ళు మూసుకుంటాం, విడదీస్తే సుబేదార్ గారి భార్య వాచిన కాలు ఎవరికి చూపించుకుంటుంది? ఆ సంగతి మమ్మల్నే అడగండి, స్టేషన్‌ని బట్టి చెప్తాం. భాష మాత్రం మర్చిపోకండి, గుంపులో రెండు భాషలు వచ్చినామె ఒకతి ఉంటే మిగతావాళ్ళం ఎట్టాగో లాక్కొస్తాం, నాకు తమిళావిడ సగం తమిళం సగం హిందీలో చెప్పింది చాలు.

ఇంకోటి, మా ఊళ్ళ గురించి. గుంటూరులో ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు ఉంది, అబ్బాయిలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి పరుగులు తీస్తారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే అంటారు, అంత మంది పోయారు అక్కడి నుంచి. వాళ్ళ భార్యలంతా ఏడో నెలకి పుట్టిళ్ళలోనే ఉంటారు, ఒకళ్ళకొకళ్ళు తెలియకుండా. బెజవాడలో, గుంటూరులో రిటైరైన వాళ్ళ కోసం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లు ఉన్నాయి, 2003లో పెట్టిన స్కీము అది. మేం దాని కిందకి రామని తెలుసు, మందులు ఇవ్వమని అడగట్లా. నెలకి ఒక మధ్యాహ్నం ఆ గది ఇవ్వండి, ఒక నర్సుని ఇవ్వండి. ప్రభుత్వం ప్రతి నెలా 9న గవర్నమెంట్ ఆసుపత్రుల్లో గర్భిణీలకి చెకప్ పెడుతోంది 2016 నుంచి, అది పొద్దున చూపించుకుని మధ్యాహ్నం పాలీక్లినిక్‌కి వచ్చేస్తాం, రిపోర్టులు చేతిలోనే ఉంటాయి. మా మామగారు కూడా ఎక్స్‌సర్వీస్‌మెన్, షుగర్ మందులకి ఎట్టాగూ అక్కడికి పోతాడు, ఆటో ఖర్చు కూడా కలిసొస్తుంది.

మా తోడికోడలు ఉన్న స్టేషన్‌లో ఇలాంటిది లేదు. మొన్న ఫోన్‌లో ఏడ్చింది దేనికంటే, లోపల డాక్టర్ ఏదో అడిగితే అర్థం కాక సరే అనేసిందంట, ఇప్పుడు దేనికి సరే అందో తెలియక భయంగా ఉందంట. ఏం అడిగారు, ఆ హిందీ మాట గుర్తు తెచ్చుకో అంటే గుర్తు రావట్లేదంది. నేను దానికి బీపీ మిషన్ కొరియర్ చేశా, 140 కింద 90 అని చీటీ రాసి డబ్బాలో పెట్టా. మిగతాది మీరు చూసుకోవాలి సార్.

కుర్చీలు చాలవని మాత్రం అనకండి. అప్పుడు కూడా గదిలో నాలుగే ఉంటే, రెండో గురువారానికి ఐదుగురం ఎవరి ప్లాస్టిక్ కుర్చీ వాళ్ళం క్వార్టర్స్ నుంచి మోసుకెళ్ళాం, గేటు దగ్గర సెంట్రీ ఆపి ఇవేంటమ్మా అంటే ఓపీడీకి అన్నాం.

ఇట్లు,
ఒక హవల్దార్ భార్య,
సత్యనారాయణపురం, విజయవాడ